తీసుకోని అప్పుకు రికవరీ కాల్స్: ఆపించిన పద్ధతి

అప్పు తీసుకోకపోయినా రికవరీ వాళ్లు ఫోన్ చేస్తుంటే ఎవరైనా ముందు ఆ నంబరు బ్లాక్ చేస్తారు. దాంతో ఆ నంబరు ఆగుతుంది గానీ కాల్స్ ఆగవు. ఏజెన్సీల దగ్గర సిమ్‌లకు కొదవ ఉండదు. అసలు మన నంబరు ఉన్నది ఏజెంటు ఫోన్‌లో కాదు, అప్పిచ్చిన సంస్థ ఖాతా వివరాల్లో. బాకీపడ్డ ఖాతాలను చాలా సంస్థలు ప్రతి నెలా మొదట్లో ఏజెన్సీలకు కొత్తగా పంచుతాయి. ఈ నెల ఏజెంటును ఎలాగో ఒప్పించినా వచ్చే నెల ఇంకొకరు అదే జాబితా పట్టుకుని మొదలుపెడతారు. అందుకే ఏజెంట్లతో వాదన మానేసి, సంస్థ రికార్డులోంచి నంబరు తీయించడం మీదే దృష్టి పెట్టాను.

నంబరు వాళ్లకు ఎలా చేరిందో ముందు తేలాలి. ఒకటి, పాత సిమ్. ఎవరో వదిలేసిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత కంపెనీలు కొత్తవారికి ఇస్తాయి. పాత మనిషి బాకీ కాల్స్ ఆ నంబరుతో పాటే మనకు వస్తాయి. రెండు, రెఫరెన్స్. బావమరిదో ఆఫీసులో స్నేహితుడో అప్పు ఫారంలో మన నంబరు రాసి ఉంటాడు. మూడోది ప్రమాదకరమైనది: మన పాన్, ఆధార్ వాడి మన పేరుమీదే ఎవరో అప్పు తీసుకోవడం.

మూడోది కాదని తేల్చుకోవడానికి క్రెడిట్ రిపోర్టు, అంటే మన పేరుమీదున్న అప్పుల చిట్టా, చూడాలి. దాన్ని తయారుచేసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒక్కదాంతో సరిపెట్టుకోవద్దు, నాలుగూ తీయండి. డబ్బు కట్టే ప్లాన్ పెద్ద అక్షరాల్లో, ఉచిత రిపోర్టు లింకు పేజీలో ఎక్కడో కింద ఉంటుంది, వెతకాలి. తెలియని అప్పు కనిపిస్తే అక్కడే డిస్ప్యూట్ (ఇది నాది కాదన్న అభ్యంతరం) పెట్టి, పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వండి. డిస్ప్యూట్ 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరుమీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా అదే సమయంలో చూసుకోవడం మంచిది.

ఇక కాల్ సంగతి. ఏజెంటు మొదటి మాట "ఫలానావారేనా?" అని ఉంటుంది. అవునని గానీ, "కాదు, నా పేరు ఇది" అని గానీ అనొద్దు. మన పేరు, ఊరు, ఇంకో నంబరు, పాన్ ఏవీ చెప్పకూడదు, అవన్నీ వాళ్ల ఫైల్లో చేరతాయి. అడగాల్సింది మనం: "మీరు ఏ సంస్థ తరఫున మాట్లాడుతున్నారు? ఏజెన్సీ పేరేంటి? మీ పేరేంటి? అప్పు ఖాతా చివరి నాలుగంకెలు చెప్పండి." చాలామంది "బ్యాంకు నుంచి సార్" అని దాటేస్తారు. "సంస్థ పేరు చెప్పకపోతే మాట్లాడను" అని పెట్టేయండి. తిట్టడం, బతిమాలడం రెండూ అనవసరం. పేరు చెప్పని ఏజెంటు కూడా తరచూ వాట్సాప్‌లో నోటీసో, కట్టమని లింకో పంపుతాడు. సంస్థ పేరు అందులో దొరకొచ్చు. లింకు మాత్రం తెరవద్దు. "ఒక్క 500 కట్టండి, మీ నంబరు తీసేస్తాం" అంటే అసలే నమ్మకండి. కట్టిన రోజు నుంచి మీరు డబ్బిచ్చే మనిషిగా ఆ జాబితాలో ఉంటారు.

ప్రతి కాల్‌కూ తేదీ, సమయం, నంబరు, వాళ్లు చెప్పిన పేరు, అన్న మాటలు రాసిపెట్టుకోవాలి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ట్రూకాలర్‌లో కనిపించే పేరును ఆధారంగా చూపొద్దు, దాన్ని జనం పెడతారు.

సంస్థ తెలిశాక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే గోడ తగులుతుంది: "లోన్ నంబరు చెప్పండి" అంటారు, అది మన దగ్గర ఉండదు, ఫిర్యాదు నమోదు కాదు. అందుకే నేరుగా ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసరుకు మెయిల్ చేయాలి. బ్యాంకులూ ఎన్‌బీఎఫ్‌సీలూ (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) ఆ అధికారి వివరాలు తమ వెబ్‌సైట్‌లో ఉంచాలి. మెయిల్ ఇంత ఉంటే చాలు:

"ఈ నంబరు ఫలానా తేదీ నుంచి నా వాడకంలో ఉంది. మీ ఖాతాదారుతో నాకు సంబంధం లేదు. మీ సంస్థలో నేను అప్పు తీసుకోలేదు, ఎవరికీ జామీను ఉండలేదు. ఈ కింది తేదీల్లో మీ తరఫున కాల్స్ వచ్చాయి. నా నంబరును ఆ ఖాతా నుంచి తొలగించి, ఏజెన్సీకి కూడా తెలిపి, తొలగించినట్టు నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు."

కింద తేదీల పట్టిక, స్క్రీన్‌షాట్లు జతచేయాలి. ఆధార్ కాపీ అడిగినా పంపొద్దు. నంబరు ఎప్పటి నుంచి మనదో చూపడానికి సిమ్ యాక్టివేట్ అయినప్పటి మెసేజ్, లేదంటే పోస్ట్‌పెయిడ్ మొదటి బిల్లు చాలు. పాత సిమ్ విషయమైతే ఇంకో వాక్యం కలపండి: రద్దయిన మొబైల్ నంబర్ల జాబితాతో ఖాతాదారుల వివరాలను సరిచూసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 17న సంస్థలకు చెప్పింది. ఆ జాబితా టెలికాం శాఖ నడిపే డిజిటల్ ఇంటెలిజెన్స్ ప్లాట్‌ఫారంలో ఉంటుంది. నా ఉద్దేశంలో ఈ వాక్యం బెదిరింపు మాటలకన్నా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా సరిచేయాలో రెండూ అందులోనే ఉన్నాయి.

"మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అన్న ఆటోమేటిక్ జవాబుతో ఆగిపోవద్దు. నంబరు తొలగించామని స్పష్టంగా రాసేదాకా అదే మెయిల్‌కు జవాబిస్తూ ఉండండి. కొత్త మెయిల్ మొదలుపెడితే కొత్త ఫిర్యాదు సంఖ్య వస్తుంది, పాత తేదీలు పోతాయి.

రెఫరెన్స్ అయితే చట్టపరంగా మీకు ఏ బాధ్యతా లేదు. జామీను సంతకం పెట్టినవాళ్ల సంగతి వేరు, వాళ్లు అప్పు తీసుకున్న మనిషితో సమానంగా బాధ్యులు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం బాకీదారు కుటుంబసభ్యుల, స్నేహితుల, రెఫరెన్సుల జోలికి వెళ్లడం, పదేపదే ఫోన్ చేయడం, ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయడం, బెదిరించడం, నలుగురిలో అవమానించడం అన్నీ తప్పే. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఉదయం 9, సాయంత్రం 6 హద్దులు. ఏజెంటు చేసినదానికి బాధ్యత సంస్థదే, "అది ఏజెన్సీ చూసుకుంటుంది" అన్న జవాబు చెల్లదు.

రెఫరెన్స్ కేసులో అప్పు తీసుకున్న బంధువు చేత కూడా ఫిర్యాదు చేయించండి. సంస్థ 30 రోజుల్లో స్పందించకపోతే, లేదా జవాబు సరిగా లేకపోతే, ఖాతాదారుగా అతను సంస్థల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫిర్యాదు రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో పెట్టాలి, రుసుము లేదు, వివరాలకు 14448. ముందు సంస్థకు ఫిర్యాదు చేసిన ఆధారం జతచేయకపోతే అక్కడ తిరస్కరిస్తారు.

డీఎన్‌డీ, అంటే ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకోవడం, గురించి ఒక మాట. ఇంగ్లీషులో స్టార్ట్ అని, ఖాళీ వదిలి 0 అని 1909కు మెసేజ్ పంపితే ప్రచార కాల్స్ ఆగాలి. ఆగకపోతే 7 రోజుల్లోపు 1909కే ఫిర్యాదు చేయొచ్చు. ఇది క్రెడిట్ కార్డు, ప్లాట్ల కాల్స్‌కు మందు. రికవరీ కాల్ ప్రచారం కాదు కాబట్టి దాని మీద పనిచేయదు. మామూలు పదంకెల నంబరు నుంచి బ్యాంకు అధికారినంటూ, పోలీసునంటూ ఓటీపీలు అడిగితే అది మోసం, సంచార్ సాథీలో మోసపు కాల్స్ మీద ఫిర్యాదుకు ఉన్న చక్షులో నమోదు చేయండి. డబ్బు పోయి ఉంటే చక్షు కాదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

"పోలీసులు వస్తున్నారు, అరెస్టు చేస్తారు" అనడం వాళ్ల అలవాటు. కిస్తీ కట్టలేకపోవడం దానంతట అదే నేరం కాదు. చెక్కు బౌన్స్, ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్స్ మాత్రం కేసు కాగలవు. అయితే ముందు రాతపూర్వక నోటీసు, కట్టడానికి 15 రోజుల గడువు ఉంటాయి, ఫోన్ కాల్ నోటీసు కాదు. నిజంగా బెదిరిస్తే, బూతులాడితే, ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపుతామంటే సంస్థ జవాబు కోసం ఆగొద్దు. రాసిపెట్టుకున్న తేదీలతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద బెదిరింపు నేరం.

బాకీని వేరే సంస్థకు అమ్మేస్తే కాల్స్ మళ్లీ మొదలవ్వచ్చు, ఈసారి కొత్త పేరుతో. అప్పుడు మొదటి నుంచి వాదించే పని లేదు. కొత్త సంస్థ గ్రీవెన్స్ ఆఫీసరుకు పాత సంస్థ ఇచ్చిన తొలగింపు జవాబును జతచేసి పంపాలి. ఆ మెయిల్‌ను పీడీఎఫ్‌గా భద్రపరచండి.