ఊరి పేరు ముందు, మన పేరు తర్వాత

మా ఇంటిపేరు చివర 'పాటి' ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటేదాకా దానికో అర్థం ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఓసారి నాన్నతో కలిసి గుంటూరు వైపు ఒక పెళ్లికి వెళ్తుంటే రోడ్డు పక్కన ఊరి బోర్డు చూపించి "మన ఊరు ఇదేరా" అన్నారు. బోర్డు మీద ఉన్నది మా ఇంటిపేరే, కాకపోతే చివర 'పాడు' అని ఉంది. ఇక్కడ మనవాళ్లెవరున్నారు నాన్నా అంటే, "ఎవరూ లేరు, మా తాతగారి తాత కాలంలోనే వెళ్లిపోయారట, పేరొక్కటే వెంట తెచ్చుకున్నారు" అన్నారు.

పాడు పాటి ఎందుకైంది? దీనికి జవాబు 'ఇంటిపేరు' అన్న మాటలోనే ఉంది. ఇల్లు, ఇంటి. ఊరు, ఊరి. నాడు, నాటి. బడిలో ఔపవిభక్తికాలు అని బట్టీపట్టి, పరీక్ష అవగానే వదిలేసిన పాఠం ఇదే. అలాగే కందుకూరు కందుకూరి అయింది, టంగుటూరు టంగుటూరి అయింది, నిడమర్రు నిడమర్తి అయింది. అంటే టంగుటూరి ప్రకాశం అన్నప్పుడు మనం రెండు పేర్లు పక్కపక్కన పెట్టడం లేదు, టంగుటూరు వాళ్ల ప్రకాశం అంటున్నాం, 'మా ఊరి చెరువు' అన్నట్టే. ఇది అర్థమైన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, కనిపించిన ప్రతి ఇంటిపేరునీ వెనక్కి తిప్పి ఊరు వెతకడం మొదలుపెట్టాను.

అన్నీ ఊళ్లే కావు, మనుషులూ ఉన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంటిపేరులో కాశీనాథుడికి 'ని' చేరింది. అక్కినేని, ఘట్టమనేని లాంటి వాటిలో 'నేని' అంటే నాయని, అంటే ఫలానా నాయుడి వాళ్లు. అన్నీ రూపం మార్చుకోవు కూడా. పల్లి పల్లిగానే ఉంటుంది, గురజాడ, ఘంటసాల ఊరి పేర్లు ఎలా ఉన్నాయో ఇంటిపేర్లూ అలాగే ఉన్నాయి. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఊరు, రాధాకృష్ణన్ గారు పుట్టింది మాత్రం 1888లో తిరుత్తణిలో. తమిళనాట పుట్టి, పేరు చివర 'న్' చేరినా ముందున్న ఊరు మాత్రం వదల్లేదు చూడండి, నాకు ఆ పేరు చూసినప్పుడల్లా మా నాన్న చూపించిన బోర్డే గుర్తొస్తుంది.

ఇప్పుడు నా బాధ చెప్తాను. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఒక గడి, గివెన్ నేమ్ ఇంకో గడి. అమెరికా వచ్చాక ఇంటిపేరు వెనక్కి వెళ్లిపోతుంది. ఇంగ్లిష్‌లో టి. ప్రకాశం అని రాసిన రోజుల్లో ఊరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయినా కనీసం వరస చెడలేదు. 'ప్రకాశం టంగుటూరి' అంటే తెలుగులో అది పూర్తికాని మాట. టంగుటూరి... ఎవరు? చెరువు మా ఊరి అన్నట్టు ఉంటుంది. ఇక్కడ ఒక క్లినిక్‌లో మా ఇంటిపేరుని ముక్కలు చేసి 'పాటీ' అని పిలిచారు, ఎవర్నో అనుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, వీసాలో పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడ్డవాళ్ల టెన్షన్ అయితే ఇంకా ఎక్కువ.

ఇది మన ఒక్కరి గొడవే అనుకునేవాణ్ని, హంగేరీ వాళ్ల పేర్ల గురించి చదివేదాకా. యూరప్ నడిమధ్య ఉండి కూడా వాళ్లు ఇంటిపేరే ముందు రాస్తారు. మనం బేలా బార్తోక్ అనే సంగీతకారుడు వాళ్ల ఊళ్లో బార్తోక్ బేలా. ఇంకా నచ్చిందేమిటంటే, అక్కడ ఊరి పేరు చివర 'ఇ' చేరిస్తే ఆ ఊరివాళ్లని అర్థం: బుడా నుంచి బుడాయి, సెగెడ్ నుంచి సెగెడి, డెబ్రెత్సెన్ నుంచి డెబ్రెత్సెని. కందుకూరు కందుకూరి అయినట్టే! రెండు భాషలకీ ఏ చుట్టరికమూ లేదు, అయినా మనిషిని పిలిచే ముందు ఊరిని తలుచుకునే పద్ధతి ఒకటే. ఇటలీలో ఇదే మాట వెనక వస్తుంది, ఫ్లోరెన్స్ దగ్గర విన్చి అనే చిన్న ఊరుంది, లియొనార్డో డా విన్చి అంటే ఆ విన్చి లియొనార్డో, అంతే. కానీ వాళ్ల భాషలో వెనక పెట్టినా 'డా' అనే మాట ఉండబట్టి అర్థం చెడదు. మనకి ఆ పని చేసేది పదం చివరి అక్షరమే, దాని తర్వాత ఇంకో మాట రావాల్సిందే.

జపాన్ ప్రభుత్వం 2020 జనవరి 1 నుంచి తన పత్రాల్లో జపనీయుల పేర్లు ఇంగ్లిష్‌లో రాసినా ఇంటిపేరే ముందు ఉండాలని పెట్టుకుంది. అంతకుముందు చాలాకాలం వాళ్లూ పాశ్చాత్యుల కోసం తిప్పి రాశారు. అది చదివిన రోజే నా ఈమెయిల్ సంతకంలో పేరు తిప్పేశాను. మొన్న మా అమ్మాయి పుట్టినరోజు కార్డులోనూ ఇంటిపేరు ముందు వేయించాం. ప్రింట్ చేసే ముందు షాపు ఆవిడ ఫోన్ చేసి, పేరు తారుమారైనట్టుంది, సరిచేయనా అని అడిగింది. వద్దండీ, అలాగే ఉండనివ్వండి అన్నాను.