చేతులు ముడవకూడదని తెలిసేసరికి ఒక సీజన్ పోయింది

అక్టోబరు మూడో వారంలో మా వాటర్ స్కీ క్లబ్బువాళ్ళమంతా చెరువులో దిగి, స్కీ దారికి గుర్తులుగా కట్టిన బంతులు, చెక్క ప్లాట్‌ఫారం బయటికి లాగేస్తాం. వదిలేస్తే చలికాలం గడ్డకట్టే మంచు వాటిని నలిపేస్తుంది. అమెరికాలోని మినెసోటా మాది, మంచు గట్టిపడ్డాక ఆ చెరువు మీద మనుషులు నడుస్తారు, కార్లు కూడా నడుపుతారు. స్లాలమ్ వాటర్ స్కీయింగ్ పోటీలకు వెళ్ళే నాబోటివాడికి ఏడాదిలో సగం రోజులు స్కీ గరాజ్ గోడకే ఆనించి ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకే స్కీ మీద రెండు కాళ్ళూ ఒకదాని వెనక ఒకటి పెట్టి నిలబడాలి. పడవ తాడుతో లాగుతుంటే 259 మీటర్ల దారిలో అటు మూడు, ఇటు మూడు బంతులు చుట్టి రావాలి. పడవ నడుమ నుంచి తిన్నగా పోతుంది, బంతులేమో ఆ నడుమ గీతకు 11.5 మీటర్ల దూరంలో ఉంటాయి. ముప్పై అయిదు దాటిన మగవాళ్ళకు గరిష్ఠ వేగం గంటకు 55 కిలోమీటర్లు. ఆ వేగంలో మొత్తం వ్యవహారం 17 సెకన్లలో అయిపోతుంది. ఆరూ చుట్టేస్తే తాడు కురచ చేస్తారు: 18.25 మీటర్ల నుంచి 16, 14.25, 13, 12, అలా. ఒక్కో పొడవుకు తాడు మీద ఒక్కో రంగు. నేను పసుపు దాటి ఆకుపచ్చ దగ్గర, అంటే 13 మీటర్ల దగ్గర, ఇరుక్కుపోయినవాణ్ణి. అక్కడ రెండు బంతులు చుట్టేవాణ్ణి, మూడోదానికి నీళ్ళలో ఉండేవాణ్ణి. 11.25కి వస్తే తాడు కంటే బంతి దూరమే ఎక్కువ, ఒళ్ళంతా సాచి అందుకోవాలి. ఆ రంగుతో నాకు ఈ జన్మకు పనిలేదు.

కసరత్తు మొదలుపెట్టిన మొదటి చలికాలం నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, జిమ్‌లో అందరూ చేసేదే చేశాను. బెంచ్ ప్రెస్, చేతులకు డంబెల్స్, ట్రెడ్‌మిల్. మార్చి నాటికి చొక్కాలు బిగుతయ్యాయి, అద్దంలో బాగానే ఉన్నాను. మే నెలలో మూడోసారి నీళ్ళలో దిగిన రోజే కుడి మోచేతి లోపలివైపు సూదితో పొడిచినట్టయింది. ఆ సాయంత్రం కాఫీ కప్పు ఎత్తలేకపోయాను. ఆరు వారాలు గట్టున కూర్చుని వేరేవాళ్ళు స్కీ చేస్తుంటే చూశాను. సీజనే అయిదు నెలలు, అందులో ఆరు వారాలు!

ఆ నవంబరులో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆమె ఒక కర్రకు రబ్బరు పట్టీ కట్టి, కర్ర నా చేతికిచ్చి, పట్టీని తను లాగుతూ "ఊరికే అలా ఉండండి" అంది. నేను ఊరికే ఉండలేదు. మోచేతులు ముడిచి కర్రను గుండెకేసి లాక్కున్నాను.

"పడవను మీరు లాగుతారా, మిమ్మల్ని పడవ లాగుతుందా?" అని అడిగింది.

అప్పటికి నేను స్కీ చేస్తూ ఏడేళ్ళు. ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు. చేతులు చాపి ఉంచితే పడవ లాగుడంతా వీపు మీదికి, నడుం మీదికి, కాళ్ళ మీదికి పోతుంది. ముడిచామా, ఆ బరువు చేతుల్లోని చిన్న కండరాల మీద పడుతుంది. నేనేమో చలికాలమంతా సరిగ్గా ఆ ముడవడాన్నే సాధన చేశాను. పడవ వెనక లేచే అలను దాటేదాకా పట్టు, దాటాక విడుపు, అంతే ఈ ఆట. మన భాషలో పట్టువిడుపులని ఒకే మాటగా ఉంది, నాకేమో పట్టూ సరిగ్గా రాలేదు, విడుపూ రాలేదు.

ఆమె మొదటి నెల బరువులు ముట్టుకోనివ్వలేదు. ముందు చీలమండ చూసింది. గోడ ముందు ఒక పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించమంది. కుడివైపు బొటనవేలికీ గోడకూ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉన్నా మోకాలు తాకింది. ఎడమవైపు రెండు వేళ్ళే. స్కీ మీద నా ముందు కాలు ఆ ఎడమదే. చీలమండ వంగకపోతే ఒంటి బరువు వెనక కాలి మీదికి జారుతుంది, స్కీ ముక్కు పైకి లేస్తుంది, మలుపు ఆలస్యమవుతుంది. దీనికి మందుగా రోజూ పది నిమిషాలు గొంతుక్కూర్చోమంది. రాజమండ్రిలో అమ్మ అరవై ఎనిమిదేళ్ళ వయసులో గొంతుక్కూర్చుని గంటసేపు మునగాకు దూస్తుంది. నేను పదిహేనేళ్ళు ఆఫీసు కుర్చీలో కూర్చుని ఆ ఆస్తి పోగొట్టుకున్నాను. మొదటివారం గుమ్మం పట్టుకుంటే గానీ వెనక్కి పడిపోయేవాణ్ణి.

డిసెంబరు నుంచి డెడ్‌లిఫ్ట్, ఒంటికాలి గుంజీలు, కడ్డీకి వేలాడటం. నవంబరులో 38 సెకన్లు వేలాడాను, మార్చిలో 80. వేలాడటంలో ఇంకో లాభం, అరచేతుల్లో కాయలు చలికాలంలో కూడా నిలిచాయి. లేకపోతే మే నెల మొదటివారం బొబ్బలతోనే గడుస్తుంది. జనవరి నుంచి రోయింగ్ మెషిన్ మీద 17 సెకన్లు ప్రాణం పెట్టి లాగడం, 40 సెకన్లు నెమ్మది, అలా ఆరుసార్లు. పరుగు పూర్తిగా మానేశాను. మా ఆటలో ఎవరూ అరగంట ఆగకుండా ఏదీ చెయ్యరు.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం గరాజ్‌లో చేసిన పని. పాత తాడు హ్యాండిల్‌ను ఇనుప స్తంభానికి కట్టి, పాత స్కీ తివాచీ మీద పెట్టి, చేతులు చాపి, నడుం హ్యాండిల్ దగ్గరికి తెచ్చి వెనక్కి వాలడం. 17 సెకన్లు కుడికి, 17 సెకన్లు ఎడమకి. బయట మైనస్ 20, లోపల నేను బనీనుతో. ఒకరోజు మా ఆవిడ బట్టల బుట్టతో వచ్చి చూసి, "ఏంటండీ ఇది, నూతిలో పడ్డ చేద పైకి లాగుతున్నట్టు?" అంది. తప్పు చెప్పలేదు. నేను అప్పుడు మళ్ళీ చేతులు ముడిచే ఉన్నాను. ఆ రోజు నుంచి ఆవిడకు అదో కాలక్షేపం. అటు వెళ్ళినప్పుడల్లా "చేద!" అని అరిచేది. అంత కచ్చితమైన కోచ్ నాకు దొరకలేదు.

వాటర్ స్కీయింగ్ పుట్టింది కూడా మా రాష్ట్రంలోనే. 1922లో పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రెండు పైన్ చెక్కలకు మరిగే నీళ్ళలో చివర్లు వంచి స్కీలు చేసుకున్నాడు. అతను చలికాలం ఏం కసరత్తు చేశాడో గానీ చీలమండలు బాగా వంగి ఉంటాయి.

ఏప్రిల్ నెలాఖరులో నీళ్ళు కనబడ్డాయి. ఒళ్ళు తడవని సూట్ వేసుకుని, పడవ వేగం గంటకు 49 కిలోమీటర్లకు తగ్గించి, పొడవు తాడుతో వారం రోజులు. మోచెయ్యి ఊసెత్తలేదు. జులై పోటీలో పసుపు దాటాను. ఆకుపచ్చలో మూడోబంతి నేను ఎదురుచూడకుండానే వెనక్కి పోయింది. నాలుగోది చుట్టాక ఆశ పుట్టింది, ఆశ పుట్టగానే చేతులు ముడుచుకున్నాయి. అయిదోదాన్ని చుట్టాను గానీ అల దాకా తిరిగి రాలేకపోయాను. దానికి అర బంతి ఇచ్చారు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకు చెప్పాను. గోదారి ఒడ్డున పుట్టి ముప్పై ఏళ్ళదాకా ఈత నేర్చుకోనివాడు నీళ్ళ మీద ఆడటం ఆవిడకు ఎప్పుడూ వింతే.

"ఒరేయ్ నాన్నా, అయిదు నెలలు ఒళ్ళు హూనం చేసుకుంటే రెండు బంతులా పెరిగింది?"

"రెండు కాదమ్మా," అన్నాను, "రెండున్నర."