పదకొండున్నరకి వెనక్కి

గురువారం, రాత్రి

పగలంతా పనిలోనే ఉన్నాను గానీ మనసు మాత్రం మ్యాప్ మీదే ఉంది. సాయంత్రం ఇంటికి రాగానే దాన్ని బల్ల మీద పరిచి, మూలలు లేవకుండా నాలుగు పుస్తకాలు పెట్టి, పెన్సిలూ ఒక మూర దారమూ పట్టుకుని కూర్చున్నాను. ఎల్లుండి శనివారం అక్కా నేనూ నది మలుపులో లేచి నిలబడ్డ ఆ చరియ మీదికి వెళ్తున్నాం. వెళ్లడం ఇది రెండోసారి. మొదటిసారి వెళ్లిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పోయినేడాది ఆలస్యంగా బయల్దేరాం. చరియ అడుగుకి చేరేసరికే మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ‘ఇంకొక్క పావుగంట’ అన్నాను నేను. ఆ పావుగంట గంటంబావు అయింది. పైనుంచి కనిపించిన నది ఎంత బాగుందో నిజంగా చెప్పలేను. కానీ తిరుగుదారిలో చివరి ఎక్కుడు సగంలో ఉండగానే చీకటి పడిపోయింది. ఇద్దరికీ కలిపి ఒక్క ఫోన్ వెలుతురు, అందులోనూ ఛార్జింగ్ అయిపోవస్తోంది. అక్క మోకాలు పట్టేసింది. ఒక రాయి మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే ఈసారి లెక్క ముందు, బ్యాగు తర్వాత.

మ్యాప్ స్కేలు 25 వేలకు ఒకటి. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 250 మీటర్లు. దారం తడిపి కాలిబాట వంపుల వెంట పరిచి, తర్వాత స్కేలు మీద సాగదీసి చూశాను. 36 సెంటీమీటర్లు వచ్చింది, అంటే ఒకవైపు 9 కిలోమీటర్లు. మ్యాప్‌లో కనిపించని చిన్న చిన్న మెలికలు ఇంకా ఉంటాయి, కాబట్టి అసలు దారి దీనికంటే కొంచెం ఎక్కువే ఉంటుందని రాసుకున్నాను. తర్వాత కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు, లెక్కపెట్టాను. గీతకీ గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు. నది ఒడ్డు నుంచి చరియ తల వరకు బాట 15 గీతల్ని దాటుతుంది. అంటే 300 మీటర్లు, అదీ నాలుగు సెంటీమీటర్ల లోపల, ఒక్క కిలోమీటరు నడకలో. చూస్తుంటేనే ఊపిరి బరువైంది. నదివైపు ముఖం మీదైతే ఆ గీతలన్నీ కలిసిపోయి ఒక్కటే లావుపాటి గీతలా ఉన్నాయి. అక్కడ వాలు లేదు, గోడే.

ఈ దారిలో ఉన్న చిక్కంతా అది తలకిందులుగా ఉండటమే. మామూలుగా కొండంటే ముందు ఎక్కుతాం, అలిసిపోయాక దిగుతాం. ఇక్కడ నడక గట్టు మీద మొదలవుతుంది. 350 మీటర్లు దిగి నదిని చేరాలి, ఒడ్డు వెంట నడవాలి, ఆ తర్వాతే చరియ ఎక్కాలి. తిరిగొచ్చేటప్పుడు ముందు 300 మీటర్ల దిగుడు, అన్నిటికంటే చివర ఆ 350 మీటర్ల ఎక్కుడు. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి కష్టం లేదనుకుంటాం. కానీ ప్రతి అడుగుకీ ఒంటి బరువును ఆపుతూ తొడ కండరాలు సాగుతూనే పనిచేస్తాయి, ఎక్కేటప్పటికంటే ఎక్కువ దెబ్బతింటాయి. పోయినేడాది అక్క కాలు ఎక్కుడులో మొరాయించిందని అనుకున్నాం గానీ, అది అంతకు ముందు దిగుళ్లలోనే అలిసిపోయిందని నాకిప్పుడు అర్థమైంది. ఈసారి ఇద్దరికీ చేతికర్రలు. దిగేటప్పుడు చిన్న అడుగులు, మధ్యలో పరుగులు లేవు.

సమయానికి పాత సూత్రమే పట్టుకున్నాను. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పింది. మన కొలతల్లో అయితే ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. దాని ప్రకారం మాకు పోనూ రానూ కలిపి 4 గంటల 40 నిమిషాలు చాలు. కానీ అది గట్టి కాళ్లవాళ్ల లెక్క, విశ్రాంతి అందులో కలవదు. మా ఇద్దరికీ ఒకటిన్నర రెట్లు వేశాను. పోవడానికి మూడున్నర గంటలు, రావడానికి అంతకంటే కాస్త ఎక్కువ, ఆగిన సమయం విడిగా. ఆరున్నరకి మొదలుపెడితే, ఆగుతూ నడిచినా పదిన్నరకల్లా పైన ఉండాలి. సూర్యాస్తమయం 5:40కి.

కాగితం అడుగున పెద్ద అక్షరాలతో రాశాను: 11:30కి ఎక్కడున్నా వెనక్కి.

ఎక్కడున్నా అంటే ఎక్కడున్నా. ఈ మాట అక్కడ, కొండ కింద నిలబడి అనుకునేది కాదు. అక్కడ చరియ కళ్ల ముందే ఉంటుంది, కాళ్లు వద్దన్నా కళ్లు లాగుతాయి. ఇంట్లో కూర్చుని, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే తేల్చుకోవాలి.

నీళ్ల దగ్గర చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. గంటకు అర లీటరు చొప్పున మనిషికి నాలుగు లీటర్లు, అంటే నాలుగు కిలోలు. అక్క మోకాలికి ఆ బరువు వద్దు. రెండున్నర లీటర్లతో బయల్దేరి, తిరుగుదారిలో నది దగ్గర నింపుకుంటాం. నీళ్లు మట్టిగా ఉంటే గుడ్డలో వడగట్టాకే క్లోరిన్ బిళ్ల వేయాలి, వేశాక అరగంట ఆగాలి. మట్టి ఉంటే క్లోరిన్ సరిగా పనిచేయదు. నా బ్యాగులో హెడ్‌ల్యాంపులు రెండు, విజిల్, మడమలకి టేపు. ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడతాం. సిగ్నల్ వెతుక్కుంటూ బ్యాటరీ ఖర్చవదు, దింపుకున్న మ్యాప్ మీద జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది. మా దారి, తిరిగొచ్చే వేళ రాసిన కాగితం బావకి ఇస్తాం.

తొమ్మిదింటికి అక్క ఫోన్ చేసింది.

“పైన అంచు మీద కూర్చుని కాళ్లు కిందికి వేలాడేయాలే ఈసారి. పోయినసారి భయంతో సరిగ్గా చూడనేలేదు.”

“అంచు మీద మాత్రం వద్దక్కా” అన్నాను. ఆ చరియ ఎలా పుట్టిందో చెప్పాను. మలుపులో బయటి ఒడ్డు వైపు నీటి వేగం ఎక్కువ, అది రాతి పాదాన్ని కోస్తూ పోతుంది. కింద ఆధారం పోయిన రాయి ముక్కలుగా విరిగి పడుతుంది, మిగిలింది నిటారుగా నిలబడుతుంది. లోపలి ఒడ్డున నీరు నెమ్మదించి ఇసుక మేట వేస్తుంది. మనకి పైనుంచి అంత అందంగా కనిపించిన ఆ తెల్లటి ఇసుక వంపు అదే. కోత ఇప్పటికీ ఆగలేదు. మనం నిలబడ్డ అంచు కింద రాయి ఉందో, గడ్డి వేళ్లు పట్టుకున్న మట్టే ఉందో పైనుంచి తెలియదు.

కాసేపు మాట్లాడలేదు. “సరే, చెట్టు దగ్గర కూర్చుందాం. అక్కణ్నుంచి ఇసుక కనిపిస్తుందిగా?”

“కనిపిస్తుంది.”

నది ఎగువన రేపు వాన లేదని చూశానని చెప్పాను. మా తల మీద ఎండ కాస్తున్నా, పైన ఎక్కడో గట్టి వాన పడితే ఒడ్డు బాట మునుగుతుంది. శుక్రవారం రాత్రి మళ్లీ చూస్తాను. ఉంటే ప్రయాణం ఇంకోరోజుకి మారుతుంది, అందులో వాదన లేదు.

తర్వాత పదకొండున్నర మాట చెప్పాను. కొండ ఇంకో పది నిమిషాల దూరంలో ఉన్నా తిరగాల్సిందేనా అని అడిగింది. తిరగాల్సిందే అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది గానీ లోపల నాకే కష్టంగా ఉంది.

“మరి వాచీలో అలారం పెట్టావా?”

“పెట్టాను, 11:30కి.”

“11:15కి ఇంకోటి పెట్టు. లేచే ముందు ఒక పావుగంట మాట్లాడకుండా చూడాలి నాకు.”

పెట్టాను.