బూన్ ఇంటి ఊట, మా తాతయ్య కట్టని తప్పు

కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఎం.ఎస్. చదివేటప్పుడు, అడవుల్లో ఆ రాష్ట్రానికి దారి వేసిన పాతకాలపు వేటగాడు డేనియల్ బూన్ పేరు పెట్టని వీధి లేదేమో అనిపించేది. అప్పుడే ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి కొండమీద ఆయన సమాధి చూశాను. కొన్నేళ్ళకి సెయింట్ లూయిస్‌లో ఫ్రెండ్ దగ్గరికి వెళ్తే, మార్తాస్‌విల్ దగ్గర ఆయనదే ఇంకో సమాధి చూపించాడు. 1820లో ఆయన చనిపోయింది మిస్సోరిలో. భార్య రెబెకా పక్కనే పాతిపెట్టారు. 1845లో కెంటకీ వాళ్ళు వచ్చి ఇద్దరి ఎముకలూ తవ్వి పట్టుకెళ్ళారు, కానీ మీరు పట్టుకెళ్ళింది ఆయన్ని కాదు అని మిస్సోరి వాళ్ళు ఇప్పటికీ వాదిస్తారు. ఆ రెండూ చూశాక పెన్సిల్వేనియాలో ఆయన పుట్టిన చోటు కూడా చూడాలని పట్టుకుంది.

న్యూజెర్సీలోని ఎడిసన్‌కి మారాక అది రెండున్నర గంటల దూరమే అయినా, అమ్మానాన్న వచ్చేదాకా కుదరలేదు. శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని 78 హైవే ఎక్కాం. డెలావేర్ నది దాటగానే టోల్, ఆ తర్వాత దారిలో మూడు కాఫీలకీ రెండు మఫిన్లకీ 22 డాలర్లు. నాకు నిజంగానే కోపం వచ్చింది. పైగా ఆ కాఫీ ఎవరూ పూర్తిగా తాగలేదు. రెడింగ్ దాటి 422 మీద బర్డ్స్‌బరో వైపు తిరిగాక పొలాలు మొదలయ్యాయి, అమ్మ అద్దం దించి కూర్చుంది.

బూన్ పుట్టిన స్థలంలో ఇప్పుడున్నది రాతి ఇల్లు. అది తర్వాత వచ్చినవాళ్ళు కట్టుకున్నది. 1734లో ఆయన పుట్టిన దుంగల ఇంటిది పునాది మాత్రమే మిగిలింది, దాని కింద సెల్లార్‌లో నీటి ఊట. నాన్న మోకాళ్ళ నొప్పని పైనే ఉండిపోయారు. అమ్మ మాత్రం మెట్లు దిగి, ఆ నీళ్ళ పక్కన చాలాసేపు నిలబడింది. "పదకొండు మంది పిల్లల తల్లి, నీళ్ళకి బయటికి పోనక్కర్లేకపోయింది" అంది.

నేను వేట కథలు, తుపాకులు, కంబర్లాండ్ గ్యాప్ అనే కనుమ గుండా 1775లో వేసిన దారి గురించి అడుగుదామని వెళ్ళాను. మాకు ఇల్లు చూపించిన పెద్దాయన వాటి జోలికే పోలేదు. ఆయన చెప్పిందంతా డేనియల్ తండ్రి స్క్వైర్ బూన్ గురించే. ఇంగ్లండ్‌లోని డెవన్ నుంచి వచ్చిన క్వేకర్ (అదో క్రైస్తవ శాఖ), మగ్గం నేసేవాడు, కమ్మరి పనీ చేసేవాడు. ఈ కుటుంబం గురించి ఇంత వివరంగా తెలియడానికి కారణం క్వేకర్లు తమ సమావేశాల్లో జరిగినదంతా రాసిపెట్టుకోవడమేనట. ఎవరు ఏ ఊరి నుంచి పరిచయ ఉత్తరం తెచ్చుకున్నారు, ఎవరి పెళ్ళికి అనుమతి ఇచ్చారు, ఎవరిని మందలించారు, అన్నీ.

అందులోనే ఉంది. 1742లో పెద్దకూతురు శారా క్వేకర్ కానివాణ్ణి చేసుకుంది. పెళ్ళినాటికే కడుపుతో ఉంది. స్క్వైర్ అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. 1747లో కొడుకు ఇజ్రాయెల్ కూడా బయటి పిల్లనే చేసుకున్నాడు. ఈసారి స్క్వైర్ తన తప్పేమీ లేదన్నాడు. పెద్దలు వచ్చి మాట్లాడినా దిగిరాలేదు, 1748లో ఆయన్ని వెలివేశారు. భార్య మాత్రం పిల్లల్ని తీసుకుని ఆ సమావేశాలకి వెళ్తూనే ఉంది. 1750లో అందరూ కలిసి నార్త్ కరోలినాలోని యాడ్‌కిన్ లోయకి బయల్దేరారు. డేనియల్‌కి అప్పటికి పదిహేనేళ్ళు. కొత్త భూమి మీద ఆశ కూడా కారణమే అన్నాడు ఇల్లు చూపించిన పెద్దాయన, కాని అమ్మ అది వినిపించుకున్నట్టు లేదు.

"ఇక్కడ కూడా వెలి ఉండేదా?" అని నన్నే రెండుసార్లు అడిగింది. తర్వాత, "ఈ పొలాలు అంతకుముందు ఎవరివో అడుగు" అంది. లెనాపే అనే అమెరికా ఆదివాసులవని ఆయన చెప్పాడు. అమ్మ తలూపింది.

అక్కణ్ణుంచి ఎక్సెటర్ క్వేకర్ల ప్రార్థనామందిరానికి వెళ్ళాం. ఇప్పుడున్న రాతి కట్టడం 1759 నాటిది, అంటే వీళ్ళు వెళ్ళిపోయాక కట్టింది. పక్కన గోడ కట్టిన శ్మశానంలో డేనియల్ తాత జార్జ్ ఉన్నాడు, 1744లో పోయాడు. తొలితరం క్వేకర్లు సమాధికి రాయి పెట్టేవాళ్ళు కాదు, అందుకని ఎక్కడున్నాడో చూసి చెప్పలేం. ఆ గడ్డి అంచునే కూర్చుని పులిహోర తిన్నాం.

అమ్మ పుట్టింది బోధన్ దగ్గర కాంపులో. తెనాలి వైపు పొలం అమ్మేసి, నిజాంసాగర్ కాలవ కింద ఎక్కువ భూమి దొరుకుతుందని తాతయ్య అక్కడికి వచ్చాడని చిన్నప్పటి నుంచీ విన్నాను. ఊళ్ళో వాళ్ళని సెట్లర్లు అనేవాళ్ళని, ఆ మాట అమ్మకి నచ్చేది కాదని కూడా తెలుసు. ఆ రోజు తింటూ తింటూ మిగతాది చెప్పింది. తాతయ్య చెల్లెలు వేరే కులం అతన్ని చేసుకుందట. పెద్దలు తాతయ్యని తప్పు కట్టమన్నారట. డబ్బు కూడా పెద్దదేమీ కాదు. కట్టి, ఇకమీదట చెల్లెల్ని గడప తొక్కనివ్వనని చెబితే సరిపోయేది. తాతయ్య కట్టలేదు. ఏడాదిపాటు పెళ్ళికీ చావుకీ పిలుపు లేదు, కల్లంలోకి కూలీలు రాలేదు. ఆ తర్వాతే బండెక్కారు.

"భూమి కోసమని మాకూ అలాగే చెప్పారు. మా అమ్మ పోయేముందు చెప్పింది" అంది.

నాన్నకి కూడా ఇది కొత్తే. యాభై ఏళ్ళ కాపురంలో ఒక్కసారీ చెప్పలేదని ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. నేను తాతయ్య చెల్లెలి పేరేంటని అడిగాను. అమ్మ కాసేపు ఆలోచించి చెప్పింది, ఇంటిపేరుతో సహా, మెట్టినింటి ఇంటిపేరుతో. ఆవిడ పిల్లలు తెనాలిలోనే ఉండిపోయారని కూడా అంది. డిసెంబర్‌లో ఇండియా టికెట్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో దిగాక ఈసారి ముందు తెనాలి.