ఎర్ర మీడియంలో ఈస్ట్రోజన్ పప్పులు ఉడకలేదు

పీహెచ్‌డీలో నా పని వినడానికి తేలికే. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు ఈస్ట్రోజన్ హార్మోన్‌లో ఒక రకమైన ఈస్ట్రడయాల్ ఇస్తే ఎంత పెరుగుతాయో, ఆ హార్మోన్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ మందు ఇస్తే ఎంత తగ్గుతాయో చూపించాలి. ఈ కణాల్లో ఈస్ట్రోజన్‌ని పట్టుకునే రిసెప్టర్లు దండిగా ఉంటాయన్నది పాఠ్యపుస్తకాల్లో సంగతే. విశాఖలో మా ల్యాబ్‌లో మాత్రం ఈస్ట్రడయాల్ వేసిన ప్లేటూ, వేయని ప్లేటూ ఒకేలా నిండిపోయేవి.

ముందు అనుమానాలన్నీ మామూలువే. సముద్రపు తేమకి ఇంక్యుబేటర్లో బూజు భయం మాకు ఎప్పుడూ ఉండేదే. కరెంటు పోయిన రాత్రి తెల్లారితే 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ నిలిచాయో లేదోనని పరుగు. కణాలకి కనిపించకుండా పట్టే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉందేమోనని పరీక్ష చేయించాం, హార్మోన్ కొత్తది తెప్పించాం. ఏమీ మారలేదు.

చివరికి మా మేడమ్ 1986 నాటి పేపరొకటి చేతిలో పెట్టి, "ఇది చదివి ఆ మీడియం సీసా వైపు ఒకసారి చూడమ్మా" అన్నారు. మీడియం అంటే కణాల్ని పెంచే పోషక ద్రవం, అది ఎర్రగా ఉండేది ఫినాల్ రెడ్ అనే రంగు వల్ల. ఆమ్లం పెరిగితే పసుపుకి తిరుగుతుంది, మీడియం మార్చాలని మాకు తెలిసేది దాంతోనే. ఆ ఫినాల్ రెడ్డే బలహీనమైన ఈస్ట్రోజన్‌లా పనిచేసి ఎంసీఎఫ్-7ని పెంచుతోందట! అసలు కారణం రంగు కాదు, అందులో కలిసిన ఒక మలినమని 1988లో తేల్చారు. పైగా మేం పోసే పది శాతం దూడపిండం సీరంలో సహజ హార్మోన్లు ఉండనే ఉన్నాయి. కడుపునిండా తిన్నవాడికి మళ్ళీ విస్తరేసి ఆకలెంతో కొలుస్తున్నామన్నమాట.

ఇక ఫినాల్ రెడ్ లేని మీడియం తెప్పించి, హార్మోన్లు పోవడానికి సీరంని డెక్స్‌ట్రాన్ పూసిన బొగ్గుపొడితో కలిపి, తిప్పి, వడగట్టాను. ఆ బొగ్గు సంగతి చేసినవాళ్ళకే తెలుస్తుంది. గ్లవ్స్ నల్లన, హుడ్ అంచు నల్లన, ఫిల్టర్ మూసుకుపోయి సిరంజి పిస్టన్ ఇంచు కూడా కదలదు. మళ్ళీ సెంట్రిఫ్యూజ్‌లో వేయాల్సిందే. మా అటెండర్ బాబాయి తెల్లటి సీసా చూసి, "ఏటమ్మా, రంగెల్లిపోనాది, పారబొయ్యమంటావేటి?" అన్నాడు.

అందులో పెట్టాక కణాలు మందగించాయి. ఒక్క నానోమోలార్, అంటే అతి కొద్ది మోతాదు, ఈస్ట్రడయాల్ పడేసరికి లేచి కూర్చున్నాయి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది టామాక్సిఫెన్. ఎర్ర మీడియంలో అది పెరుగుదలని బాగా దించింది. రంగులేని దాంట్లో దించడానికి పెరుగుదలే లేదు, ఫలితం దాదాపు సున్నా. అవే కణాలు, అదే మందు. ఏ మీడియం, ఏ సీరం అన్నది రాయకుండా "మందు పనిచేసింది" అనే పేపర్లంటే నాకిప్పుడు ఒళ్ళుమంట.

ఈ పనిలోకి దిగేవాళ్ళకి ఒక జాగ్రత్త: నెలల తరబడి హార్మోన్ లేకుండా పెంచితే, ఈస్ట్రోజన్ అక్కర్లేకుండానే పెరిగే కణాలు పైకొస్తాయి. మామూలు స్టాక్ ఎర్ర మీడియంలోనే ఉంచి, ప్రయోగానికి కొద్దిరోజుల ముందు మాత్రమే రంగులేని దాంట్లోకి మార్చండి. ఫ్లాస్క్ మీద తేదీ రాయండి, రంగు చూసి మీడియం మార్చే వీలు అందులో ఉండదు.