దానికీ టికెట్టు పెడతారా?

మావాడు ఐదో క్లాసు. చెన్నైలోనే పుట్టి పెరిగాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే ఇంగ్లీషు. మొన్న స్కూల్ ప్రాజెక్టు కోసం ఫోన్‌లో అరుణాచల్‌లోని పాసీఘాట్ మ్యూజియం చూపించాను. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రోడ్డు మూతపడ్డాక అస్సాం నుంచి చైనాకి హిమాలయాల మీదుగా సరుకు మోస్తూ ఆ కొండల్లో కూలిన విమానాల శకలాలు అందులో ఉన్నాయి. 2023 నవంబరులో తెరిచారు.

"శకలాలంటే?"

"విరిగిన ముక్కలురా."

"ఓ, ఉడైంజ పీసెస్!"

వాడి తెలుగుకి ఎప్పుడూ ఇలా తమిళం తోడు రావాలి. సరే, మాట దొరికింది కదా అని మా చెన్నై పక్కనున్న తాంబరం విమానం సంగతి కూడా చెప్పాను. వీడు పుట్టిన ఏడాదే అది. 2016 జులై 22 ఉదయం తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయల్దేరిన వైమానిక దళం ఏఎన్-32, 29 మందితో బంగాళాఖాతం మీద మాయమైంది. వాళ్ళలో 8 మంది మా విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. మాకు ఎన్ఏడీ అంటే ఆఫీసు కన్నా ముందు బస్సు మారే చోటు, ఎన్ఏడీ కొత్తరోడ్డు. ఆ రోజుల్లో అమ్మ రోజూ ఫోన్ చేసేది: "మీ ఊర్నించే కదరా ఎగిరింది, ఏటైనా తెలిసిందా?" చెన్నైలో ఉన్నవాడికి తెలియకపోతుందా అని ఆవిడ ఆశ.

తెలిసింది 2024 జనవరిలో. ఇక్కడ పళ్ళికరణైలో ఉన్న సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓటీ వాళ్ళ మానవరహిత యంత్రం 3,400 మీటర్ల లోతున తీసిన ఫొటోల్లో శకలాలు కనబడ్డాయి. మేం వేళచ్చేరి వెళ్ళేటప్పుడు ఆ సంస్థ గేటు ముందు నుంచే వెళ్తాం.

"పైకి తీసి మ్యూజియంలో పెట్టొచ్చు కదా నాన్నా? మామ్మ చూపించిందే, బీచ్‌లో విమానం, అలాగ."

విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన నేవీ విమానం టీయూ-142 గురించి వాడనేది. అది 29 ఏళ్ళు ప్రమాదమన్నది లేకుండా ఎగిరి రిటైరైంది. రెండూ ఒకటి కాదని చెప్పబోయి ఆగిపోయాను. ఒప్పుకోవాలి, పాసీఘాట్ ముక్కలు చూసినప్పుడు నాకే ఇబ్బందీ కలగలేదు. అక్కడ పోయినవాళ్ళూ ఎవరో ఒకరి కొడుకులే.

ఆదివారం ఫోన్లో మామ్మనే అడిగేశాడు. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"ఏట్రా నాన్నా, దానికీ టికెట్టు పెడతారా?"

వాడు నాకేసి చూసి, ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.