వశిష్ఠ పాయలో లేవని ముల్లు

దిండి రేవులో బయల్దేరి, చించినాడ వంతెన వెనకబడేదాకా మాలో ఎవరూ మీటరు వైపు చూడలేదు. బోటు ముక్కు కాస్త పైకి లేచి రెండు పక్కలా నీళ్ళు చిమ్ముతుంటే బావగారు అన్నారు, "ఏంటోయ్, ముల్లు లేవట్లేదు?" స్పీడోమీటరు సున్నా దగ్గరే కూర్చుంది. ఇంజిన్ మాత్రం బ్రహ్మాండంగా లాగుతోంది.

బోటు బావగారిదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫైబర్ బోటు, వెనక అవుట్‌బోర్డ్ ఇంజిన్. అంతర్వేది దాకా వెళ్ళి రావాలని మా ఆలోచన. మాఘ పౌర్ణమి దగ్గరపడింది. నరసింహస్వామి కల్యాణానికి వచ్చిన జనం ఇంకా పల్చబడలేదు. నడపడానికి వచ్చిన పెద్దాయన చిన్నప్పటి నుంచీ గోదావరి ఈ వశిష్ఠ పాయలోనే ఉన్నాడు. ఇసుక మేటలు ఎక్కడున్నాయో నీటి రంగు చూసి చెప్పేస్తాడు.

"మీటరు పోయిందండి, కొత్తది ఎయ్యించుకోవాలండి" అన్నాడు. బావగారు అప్పటికే ఫ్యూజు తీసి చూస్తున్నారు. నాకు పంపుల దగ్గర ప్రెజర్ గేజీలతో పని చేసిన అలవాటు ఉంది. మీటరు వెనక చెయ్యి పెట్టి చూస్తే లైటు కోసం వచ్చిన వైర్లు తప్ప కరెంటు కనెక్షన్ ఏదీ లేదు. ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టం మాత్రం వచ్చి తగులుకుంది. అంటే ఫ్యూజుతో సంబంధం లేదు. ఇది నీటి ఒత్తిడితో నడిచే మీటరు.

దీని పని చాలా సరళం. బోటు వెనక అంచున, నీళ్ళలో మునిగి ఉండేలా ఒక చిన్న నల్ల ప్లాస్టిక్ ముక్క బిగిస్తారు. దాని ముందు వైపు అగ్గిపుల్ల కూడా దూరనంత సన్నటి రంధ్రం ఉంటుంది. బోటు పోతుంటే ఆ రంధ్రాన్ని నీళ్ళు నెడతాయి. ఆ ఒత్తిడి గొట్టం వెంట మీటరుకి చేరి ముల్లుని తిప్పుతుంది. డయల్ మీద కిలోమీటర్లు రాసి ఉన్నా లోపల ఉన్నది ప్రెజర్ గేజే. హెన్రీ పీటో అనే ఫ్రెంచి ఇంజినీరు 1732లో పారిస్‌లో సీన్ నది ప్రవాహాన్ని కొలవడానికి ఇలాంటి గొట్టమే వాడాడు. ఇప్పుడు విమానాల వేగాన్ని కొలిచే గొట్టాలకీ ఆయన పేరే ఉంది. ఒక నది కోసం పుట్టిన పనిముట్టు గోదావరి మీద మొరాయిస్తే వదిలేసి వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు.

నరసాపురం రేవులో ఆపాం. అవతల సఖినేటిపల్లి వైపు నుంచి రేవు దాటించే పంటు నిండా జనం, మోటారు సైకిళ్ళు. పెద్దాయన ఇంజిన్ పైకెత్తాడు. నేను వెనక అంచు దగ్గరికి వంగి చూశాను. ఆ ప్లాస్టిక్ ముక్క ఏదైనా దుంగ తగిలితే విరక్కుండా వెనక్కి మడుచుకునేలా ఉంటుంది. ఒక్కోసారి అలా మడుచుకుని నీళ్ళ పైన ఉండిపోతుంది, ముల్లు లేవకపోవడానికి అదొక్కటే చాలు. ఇక్కడ మాత్రం అది సరిగ్గానే దిగి ఉంది. రంధ్రమే కనపడలేదు.

వానాకాలం గోదావరి ఎర్రనీటితో తెచ్చే ఒండ్రు ఇలాంటి రంధ్రాల్లో చేరి గట్టిపడుతుంది. ఈ కాలం కథ వేరు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు చాలావరకు దాళ్వా (రెండో పంట వరి) కోసం కాలవల్లోకి మళ్ళుతాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టా బతుకు ఆ కాలవల మీదే. కిందకి వచ్చే మంచినీరు తగ్గేకొద్దీ సముద్రపు ఉప్పునీరు పాయలోకి పైదాకా ఎక్కుతుంది. ఆ నీళ్ళలో నిలబెట్టిన బోటుకి అడుగున చిన్న చిన్న గుల్లలు పడతాయి. మా రంధ్రంలో రెండూ ఉన్నాయి, ఎండిన బురద, దాని మీద ఒక తెల్లటి గుల్ల.

దాన్ని పొడిచే ముందు గొట్టాన్ని మీటరు నుంచి ఊడదీశాను. ఇది ముఖ్యం. గొట్టం తగిలించి ఉండగానే కింది నుంచి గాలి కొట్టినా, పంపుతో నీళ్ళు కొట్టినా మీటరు లోపలి పలచటి రేకు దెబ్బతింటుంది. 30 కిలోమీటర్ల వేగంలో ఆ రంధ్రం దగ్గర పుట్టే ఒత్తిడి సుమారు 5 పీఎస్ఐ. కారు టైరులో 30 దాకా ఉంటుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ పెడితే ఇక ఆ మీటరుకి నూకలు చెల్లినట్టే.

గొట్టం పై కొసలో నోటితో ఊదాను. కింద ఒక్క బుడగ కూడా రాలేదు. పెద్దాయన తన సామాన్లలోంచి మందపాటి గాలపు నైలాన్ తీగ తీసిచ్చాడు. పిన్నీసు కొనతో గుల్ల పెళ్ళగించి, తీగని మెల్లగా తిప్పుతూ లోపలికి తోశాను. నల్లటి బురద జారింది. మళ్ళీ ఊదితే నీళ్ళలో బుడగలు. "ఆయ్, వచ్చేసిందండి!" అన్నాడు ఆయన, నాకంటే సంబరంగా.

గొట్టం తగిలించి కాస్త దూరం వెళ్ళి చూశాం. ముల్లు లేచింది గానీ చాలా తక్కువ చూపిస్తోంది. ఇలా ఉంటే గొట్టంలో ఎక్కడో లీకు ఉన్నట్టే. మళ్ళీ రేవుకి వచ్చి, రంధ్రాన్ని వేలితో మూసి, పై నుంచి ఊదుతూ గొట్టమంతా సబ్బు నురగ రాయించాను. బోటు వెనక గోడలోంచి గొట్టం దూరే చోట నురగ పొంగింది. రాపిడికి అక్కడ పగిలింది.

బోటు సామాన్ల కొట్టు కోసం వెతకనక్కర్లేదనిపించింది. ఈ వైపంతా రొయ్యల చెరువులు, హేచరీలు. వాటి తొట్లలోకి గాలి పంపే సన్న గొట్టాలు ఆక్వా సామాన్లు అమ్మే ప్రతి కొట్లోనూ దొరుకుతాయి. బావగారు స్వయంగా వెళ్ళి మీటరు పొడవు గొట్టం, కలపడానికి చిన్న జాయింటు పట్టుకొచ్చారు. పగిలిన ముక్క కోసేసి కొత్తది బిగించాం. గోడ దగ్గర రాపిడి లేకుండా పాత సైకిల్ ట్యూబు చుట్టాం.

అక్కడి నుంచి ప్రయాణం హాయిగా సాగింది. రెండు ఒడ్లా కొబ్బరి తోటలు, చిన్న నావల్లో వలలు వేస్తున్నవాళ్ళు. నావ దగ్గరికి వచ్చినప్పుడల్లా పెద్దాయన వేగం బాగా తగ్గించేవాడు. మన బోటు లేపే అల వాళ్ళ నావని తిప్పేయగలదు. వేగం తెలియడం ఇందుకే కావాలి అని నా నమ్మకం.

అంతర్వేది వైపు సాగుతుండగా బావగారు ఫోన్‌లో జీపీఎస్ తెరిచారు. ఫోన్ 32 అంది, మీటరు 28 అంది. "ఇంకా తప్పేనోయ్!" అని ఆయనకి టెన్షన్. తప్పు కాదు. మీటరు నీటి మీద వేగం చెబుతుంది, జీపీఎస్ నేల మీద వేగం చెబుతుంది. అప్పుడు పాటు. నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి, మేమూ అటే వెళ్తున్నాం. బోటు వెనక్కి తిప్పించి, ఇంజిన్ అదే జోరులో ఉంచి, అదే దారిలో ఎదురు వెళ్ళాం. ఫోన్ 24, మీటరు 28. రెండు ఫోన్ అంకెల సగటు సరిగ్గా 28. పాటు లాగుడు గంటకి 4 కిలోమీటర్లు అన్నమాట. ఏ మీటరునైనా ఇలా పరీక్ష చేయొచ్చు, రెండు వైపులా వెంటవెంటనే వెళ్ళాలి అంతే. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు మాత్రం ఈ రకం మీటరుని నమ్మకూడదు. వేగం సగమైతే ఒత్తిడి పావు వంతుకి పడిపోతుంది, ముల్లుని కదపడానికి బలం చాలదు.

స్వామి దర్శనానికి క్యూ పెద్దగానే ఉంది. తర్వాత లైట్‌హౌస్ చూసి, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర చాలాసేపు కూర్చున్నాం. పోటు మొదలయ్యాక తిరిగి బయల్దేరితే నీళ్ళు ఈసారి పైకి లాగాయి. ఫోన్ మళ్ళీ మీటరు కంటే ఎక్కువే చూపించింది. బావగారు ఈసారి నన్ను అడగలేదు, పెద్దాయనకి తనే వివరించారు. దిండి చేరాక గొట్టం ఊడదీసి, పై నుంచి ఒక సీసా మంచినీళ్ళు పోసి ఉప్పు కడిగేశాం. పక్కన కట్టి ఉన్న ఇంకో బోటుకి కూడా స్పీడోమీటరు పనిచేయట్లేదట. దానికి గొట్టం లేదు, అడుగున తిరిగే చిన్న చక్రం. చూస్తే గుర్రపు డెక్క వేళ్ళు చుట్టుకుని ఉన్నాయి. పెద్దాయనే కత్తి తీసుకుని నీళ్ళలోకి దిగాడు.